పది మట్ల బావికి కాపలా

మొన్న పొద్దున రిజర్వాయరు కట్ట మీద టీ కొట్టు నడిపే మనిషి ఫోన్ చేసి, "సార్, గంగమ్మ సామి పోయినాడు" అన్నాడు.

నాకు సాములతో పని లేదు, ఆ పేరు ఎవరిదో నిద్రమత్తులో వెంటనే తట్టలేదు. "ఎవరయ్యా ఆయన? నాకెందుకు చెబుతున్నావు?" అన్నాను.

"అదే సార్, మీ లస్కరు. నిన్న సాయంత్రం నా దగ్గరే టీ తాగినాడు. పొద్దున లేయలేదు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మనిషి పోయాడన్న బాధ కన్నా ముందు ఆ మొదటి పేరు నన్ను పొడిచింది. బతికుండగా ఎవరు "సామీ" అని పిలిచినా ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు. "లస్కరన్నా" అంటే తిరిగేవాడు. పోయి ఒక్క పూట కాలేదు, ఆయన పలకని పేరే ఊళ్ళో మిగిలింది.

ఆయన సొంత పేరు నేనిక్కడ రాయడం లేదు. రాస్తే దాన్ని రాతి మీద చెక్కించి, ఆ రాతికి కుంకుమ పూసి, ముందొక హుండీ పెట్టగల సమర్థులు ఆ చుట్టుపక్కల నాకు తెలిసి డజను మంది ఉన్నారు. కాబట్టి లస్కరు అనే అందాం. రిజర్వాయరులో నీళ్ళు ఎంత ఉన్నాయో రోజూ చూసి రాయడం, తూములు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం.

అనంతపురం నుంచి బస్సులో గంట దూరం ఆ రిజర్వాయరు. కాలువ నీళ్ళు వస్తే నిండుతుంది, రాకపోతే అడుగంటుతుంది. మా జిల్లాలో ఊరికే నీళ్ళను చూడటం కూడా వినోదమే. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు ఇది అర్థం కాదు. ఆదివారం వస్తే చాలు, టౌను నుంచి మోటార్ సైకిళ్ళ మీద, ఆటోల్లో కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. ఒకరు పుట్టిలో షికారు తిప్పుతారు, ఒకరు చేపలు వేపుతారు. ఉడకేసిన శెనక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూ పూటంతా కూర్చునే ముసలివాళ్ళను అక్కడ చూశాను. చూడటంతో ఆగితే బాధ లేదు. నీళ్ళు కనబడితే కాళ్ళు తడుపుకోవాలి. కాళ్ళు తడిస్తే ఇంకొంచెం లోపలికి పోవాలి.

లస్కరు పొద్దున ఆరింటికి కట్ట లోపలి వైపు మెట్లు దిగి, అడుగులు, అంగుళాలు గీసిన గేజీ రాయి ముందు కూర్చునేవాడు. నిలబడి చదివేవాడు కాదు. అలలు నిమ్మళించేదాకా ఆగి, కళ్ళను నీటి మట్టానికి దించుకుని, అప్పుడు చదివేవాడు. ఆఫీసుకు అడుగుల్లో చెప్పేవాడు. మనుషులు అడిగితే మాత్రం అంకె చెప్పడు. తన ఒంటి మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. మోకాలు. తొడ. నడుము. "నీళ్ళెట్లుండాయన్నా?" అని కదిలే బస్సులోంచి ఎవరైనా కేకేస్తే, కట్ట మీద నిలబడి బొడ్డుకు అడ్డంగా అరచెయ్యి పెట్టేవాడు. అంత పెద్ద రిజర్వాయరుకు నడుం లోతు ఏమిటో నాకు చాలా రోజులు బోధపడలేదు. అది కట్ట దగ్గరి లోతు కాదు. మునిగిపోయిన చేలల్లో, వాళ్ళ నాయన తవ్విన బావి గట్టు మీద నిలబడితే నీళ్ళు ఎందాకా వస్తాయో ఆ కొలత.

రిజర్వాయరు రాకముందు ఆ నేలంతా శెనక్కాయ చేలు, నడుమ ఒక చిన్న ఊరు, ఏడు బావులు. ఊరిని లేపి ఎగువన కూర్చోబెట్టారు. బావులను లేపలేరు కదా. మా కరువు నేలలో బావి అంటే చేద వేసుకునే గుంత కాదు. నీళ్ళ కోసం బండను పగలగొట్టుకుంటూ, కొన్నేళ్ళ పాటు ఒక కుటుంబం దిగుతూ పోయిన గొయ్యి. లస్కరు వాళ్ళ నాయనా, చిన్నాయనలూ తవ్విన బావి పది మట్లు. మట్టు అంటే ఇంచుమించు ఒక మనిషి నిలువు.

రిజర్వాయరు నిండితే ఈ బావులతో భయం లేదు, అంత లోపలికి ఎవరూ పోరు. ఎండితే కళ్ళకు కనిపిస్తాయి, అప్పుడూ భయం లేదు. నీళ్ళు దిగుతూ ఆ చేల మీద మోకాలికీ నడుముకూ మధ్య ఉన్నప్పుడే ప్రమాదం. పైన ఎర్రటి బురద నీళ్ళు, కింద మెత్తటి ఒండ్రు, ఆ ఒండ్రులో ఎక్కడో తెరుచుకున్న బావి నోరు. ఏ బావి ఎక్కడుందో లస్కరు కళ్ళు మూసుకుని చెప్పగలడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు ఈత రాదు. ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, "వస్తే భయం పోతాది సార్. భయం పోతే బావి మర్చిపోతా" అన్నాడు.

ఏ విషయమైనా ఆయన తీర్పు ఒకటే. "తొక్కి సూడు, ఆనెక చెప్పు." కాలు పెట్టి చూసుకోకుండా చెప్పే మాట మీద ఆయనకు నమ్మకం లేదు, ఆ మాట ఇంజనీరుదైనా, జోస్యుడిదైనా, నాదైనా.

వరసగా రెండు ఎండాకాలాలు ఆ నీళ్ళలో ఇద్దరు పోయారు. ఒకడు కాలేజీ కుర్రాడు, ఇంకొకడు పెళ్ళయి ఏడాది కాని మనిషి. ఇద్దరూ ఇంచుమించు ఒకే చోట. ఇంకేం, కథ తయారైంది. మునిగిన ఊరి గంగమ్మకు గుడి కట్టలేదట, ఆమె అలిగి ఏడాదికొకరిని అడుగుతోందట. మన దేశంలో గుంతకు కంచె వేయనివాడి పేరు ఎవరికీ తెలియదు. ఆ గుంతలో పడ్డవాణ్ణి మింగిన దేవత పేరు మాత్రం మూడో నాటికే ఊరూరా తెలుస్తుంది. కోపంతో ఊగిపోయాను. మా హేతువాద మిత్రులం కూర్చుని ఒక నిర్ణయం చేశాం. ఆదివారం అమావాస్య నాడు, మిట్టమధ్యాహ్నం, జనమంతా చూస్తుండగా సరిగ్గా ఆ చోటికే నీళ్ళలో నడిచిపోయి తిరిగి రావాలి. కరపత్రాలు పంచాం.

ఆ రోజు పదకొండు మందిమి చేతి మైకుతో ఒడ్డున దిగాం. మూడు వందల మందికి తక్కువ లేరు. మేము ప్యాంట్లు మడుచుకుంటుండగా ఖాకీ చొక్కా, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, చేతిలో నిలువెత్తు వెదురు కర్రతో ఆయన వచ్చాడు. అదే మొదటిసారి చూడటం.

"ఎంతమంది దిగుతారు సార్?"

"పదకొండు మందిమి."

"ఈతొచ్చినోళ్ళు?"

"ముగ్గురు."

"వద్దు సార్."

మరొక భక్తుడు దొరికాడనుకున్నాను. "అమ్మవారు మింగుతుందనా?" అన్నాను మైకులోనే. జనం నవ్వారు.

ఆయన నవ్వలేదు. "అమ్మవారు లేదు, గిమ్మవారు లేదు. బావులుండాయి. మా బావే ఒకటి ఉండాది."

"మరి మా పక్షమే కదయ్యా! రా, ఈ మైకులో ఆ మాటే చెప్పు."

"చెప్తే ఇంటారా? బోర్డు పెట్టిస్తి. సదువుకున్నోళ్ళు దాని మీద తడి టవళ్ళు ఆరేసినారు. ఇంగో నెల ఆగు సార్. నీళ్ళు పోతాయి, ఒక్కో బావి సూపిస్తా. దాని గట్టు మీద నిలబడి మాట్లాడు, అందరూ సూస్తారు."

"నెల తర్వాత ఆదివారం అమావాస్య రాదు కదా."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏమప్పా, నీకు గూడా ముహూర్తం గావల్లనా?"

ఆయన అన్నది నిజమే. కానీ మూడు వందల మంది ముందు మడిచిన ప్యాంటు కిందికి దించడం నాకు చేతకాలేదు. దిగుతానన్నాను. ఆయన ఉమ్మేసి, "అయితే నా ఎనకాల రాండి. నా కాలు పడిన సోటే మీ కాలు పడల్ల" అని ముందు నడిచాడు.

ఆ నడక నాకిప్పటికీ అరికాళ్ళలో ఉంది. నీళ్ళు మోకాలు దాటాయి. ఆయన కర్రతో పొడిచి, నిదానంగా అడుగు వేస్తూ, వంకర తిరుగుతూ పోతున్నాడు. "కుడి పక్క జోడు బావి. ఆ పక్కకి సూడొద్దు, సూస్తే కాలు అట్లే పోతాది." పది అడుగులు. "ఇది చింతమాను బావి, దాటినాం." మళ్ళీ వంకర. నా వెనకున్న మిత్రుడి ఊపిరి నాకు వినబడుతోంది. చివరికి ఒక చోట ఆగి, తన ఎడమ వైపు చెయ్యి చాపినంత దూరంలో కర్ర దింపాడు. కర్ర దిగుతూనే పోయింది. మణికట్టు దాకా నీళ్ళలో పెట్టినా అడుగు తగల్లేదు. "మా నాయన బావి" అన్నాడు. ఇద్దరు పోయింది అందులోనే.

మేము అక్కడ నిలబడి పిడికిళ్ళు ఎత్తి, దేవత లేదు, శాపం లేదు అని నినాదాలిచ్చాం. ఒడ్డు మీద చప్పట్లు. గెలిచామనుకున్నాను.

అప్పుడొక యువకుడు చొక్కా తీసి తల మీద తిప్పుతూ అరిచాడు. "ఏం లేదంటప్పా! దిగండ్రా!"

వాడు దిగాడు. వాడి వెనక అయిదుగురు. ఆ వెనక ఇంకెందరో. ఇన్నాళ్ళూ భయంతో ఒడ్డునే ఆగినవాళ్ళంతా ఒక్కసారి, నవ్వుతూ, ఫోన్లు ఎత్తి పట్టుకుని, పిల్లలను చంకన వేసుకుని నీళ్ళలోకి వచ్చేస్తున్నారు. మేము వంకర దారిన వచ్చాం. వాళ్ళు తిన్నగా వస్తున్నారు. వాళ్ళకూ మాకూ నడుమ ఆ బావి ఉంది.

"బావి! బావి ఉండాది! రావద్దు!" అని లస్కరు అరిచాడు. వాళ్ళు చేతులూపారు. నేను మైకు అందుకుని, వెనక్కి వెళ్ళండి, ఇక్కడ లోతైన బావులున్నాయి అని గొంతు చించుకున్నాను. ముందున్నవాడు నవ్వుతూ, "మీరు పోతే లేదు, మేమొస్తే ఉంటాదా సార్?" అన్నాడు. తర్కం బాగానే ఉంది. నేను నేర్పిన తర్కమే.

అందరికన్నా దగ్గరగా ఒకాయన, భుజాల మీద అయిదేళ్ళ పాపను ఎక్కించుకుని వస్తున్నాడు. బావికి పది పన్నెండు అడుగుల దూరం. లస్కరు ఒక్కసారి నా వైపు చూశాడు. కోపమా, క్షమించమనడమా, నాకు తెలియదు. కర్ర వదిలేశాడు. చొక్కా గుండీలు పటపటమని తెంపాడు. తల విదిలించాడు. ఒక కేక వేశాడు. అది మనిషి గొంతులా లేదు.

"ఎవుర్రా! ఎవుర్రా నా ఇంట్లోకి కాళ్ళు పెట్టేది!"

నాలుక బయటికి. కనుగుడ్లు పైకి. రెండు చేతులతో నీళ్ళను బాదుతూ, తల గిరగిరా తిప్పుతూ, "నా ఇల్లు తొక్కుతారా! ఒక్కొక్కన్ని మింగుతా!" అని రంకె వేశాడు.

నవ్వులన్నీ ఆగిపోయాయి. పాపను మోస్తున్నాయన నిలబడ్డ చోటే గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఒక ఆడమనిషి "అమ్మా, తప్పయింది తల్లీ" అని చెంపలు వాయించుకుంది. క్షణాల్లో నీళ్ళు ఖాళీ అయ్యాయి. ఒడ్డున జనం బురదలో సాష్టాంగపడ్డారు. నేను మాత్రం ఒకటి చూశాను. ఆ ఊగడమంతా, ఆ రంకెలన్నీ అవుతున్నా ఆయన పాదాలు అంగుళం కదల్లేదు. ఈతరాని మనిషి, చెయ్యి చాపితే అందే దూరంలో పది మట్ల లోతు. నడుము పైన అమ్మవారు, నడుము కింద లస్కరు.

ఆఖరి మనిషి ఒడ్డెక్కాక ఆపేశాడు. తేలిపోతున్న కర్ర అందుకుని, మామూలు గొంతుతో, "రాండి సార్, నా అడుగులోనే" అన్నాడు.

టీ కొట్లో ఆయన మీద విరుచుకుపడ్డాను. ముప్పై ఏళ్ళుగా మేము కట్టుకుంటూ వచ్చినదాన్ని రెండు నిమిషాల్లో కూల్చావన్నాను.

"నీ మీటింగు మునిగింది, మంది మునగలేదు. బోండా తిను సార్, సల్లారిపోతాది."

"అబద్ధంతో కాపాడితే అది కాపాడటం కాదయ్యా. భయం ఇవాళ నీ మాట విన్నది. రేపు ఎవరి మాట వింటుందో నీకేం తెలుసు?"

"రేపు సంగతి రేపు. నీళ్ళు ఎండినాక నేనే చెప్తాలే, నాటకమాడినానని."

టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ ఏడాది నీళ్ళు ఎండలేదు. కాలువ ముందే వదిలారు. మరుసటి ఏడూ అంతే. ఆ రెండేళ్ళలో ఆయన గంగమ్మ సామి అయిపోయాడు. జ్వరం వచ్చిన పిల్లల్ని తెచ్చి నీళ్ళు మంత్రించమనేవాళ్ళు. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయని అడిగేవాళ్ళు. వాళ్ళను మెట్లు దింపి, గేజీ రాయి చూపించి, "నాకు తెల్సింది ఇదొకటే. ఇంగ రోంత కిందికి పొమ్మంటే నీళ్ళు పోవు, పైకి రమ్మంటే రావు" అనేవాడు. సామి ఎంత నిగర్వి అని వాళ్ళు దండం పెట్టుకుని పోయేవాళ్ళు.

ఒక రోజు అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. అదే మొదటిసారి, అదే ఆఖరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వు చెప్పిందే అయింది సార్. నిన్న ఒకామె, పిల్లల్లేరంట, పళ్ళెంలో పసుపు కుంకుమ, రవిక గుడ్డ పెట్టుకొని నీళ్ళలోకి వచ్చేసింది. యాడికమ్మా అంటే, అమ్మ ఇంటికి అంటాది. గట్టు మీదికే వచ్చింది. కర్ర కొంగుకు తగిలించి లాగినా. ఇంగొక అడుగు పడింటే..."

గోడకు చెయ్యి ఆనించాడు.

"ముందు భయంతో దూరం పోతాండ్రి. ఇప్పుడు భక్తితో దగ్గరికి వస్తాండారు. ఇల్లని నేనే అంటి గదా సార్. ఇంటికి సుట్టాలు రారా?"

నేను చెప్పానని గెలుపు చూపించుకునే సమయం కాదది. ఏం చేద్దామని అడిగాను.

"పూడ్చల్ల. ఏడూ పూడ్చల్ల. ఈసారి కాలువ రాదంటాండారు. ఎండాకాలానికి తేలతాయి. మా నాయన తవ్వినాడు, నేను పూడుస్తా."

బావులు పూడ్చమని ఆయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నాడట. ఏ అధికారీ కాదనలేదు, ఏ అధికారీ చేయలేదు. ఇక అడగలేదు మేము. వైశాఖంలో నీళ్ళు వెనక్కి పోయి, పగుళ్ళు విచ్చిన ఒండ్రు నడుమ ఏడు నోళ్ళు తేలాయి. ఒక జేసీబీ, రెండు ట్రాక్టర్లు, మా మిత్రులం ఇరవై మంది. ఆరు బావులు పూడ్చేశాం. జోడు బావి మీద లస్కరు ఎక్కి, కాళ్ళతో ధన్‌ధన్ తొక్కి, "ఇప్పుడు పోండ్రా యాడికన్నా" అని నవ్వాడు. ఆ మనిషి నోరు తెరిచి నవ్వడం నేనొక్కసారే చూశాను.

ఏడో బావి దగ్గరికి వెళ్ళేసరికి గట్టంతా పసుపు పూసి ఉంది. పచ్చ గాజులు, వేపమండలు, ఎండిన పూలు. చుట్టూ మూడు ఊళ్ళ జనం. వాళ్ళ చేతుల్లో కర్రలు లేవు, మాటల్లో తిట్లు లేవు. అదే మమ్మల్ని ఓడించింది. ఒక పెద్దాయన చేతులు జోడించి, "సామీ, ఆ ఆరూ పూడ్చినారు, మేమేమన్నా అంటిమా? ఇది అమ్మ ఇల్లు. నీ నోటితోనే పలికె గదా" అన్నాడు.

"నేను పలికినా. అమ్మ కాదు. నాటకమాడినా" అన్నాడు లస్కరు.

"పూనకంలో ఉండేటోనికి ఏం తెలుస్తాది సామీ? పలికేది అమ్మ. నీకు గుర్తుండదు."

"నాకంతా గుర్తుండాది! ఆ పాప గౌను రంగు గూడా గుర్తుండాది! నీలం రంగు!"

"అమ్మ చూసిందన్నమాట పాపను" అని ఎవరో ఆడమనిషి మెల్లగా అంది.

నేను ముందుకు వచ్చి, నేను పక్కనే ఉన్నాను, సాక్ష్యం చెబుతాను అన్నాను. పెద్దాయన నా వైపు జాలిగా చూశాడు. "నువ్వు నమ్మనోడివి సార్. నీకెట్ల కనపడుతాది?"

లస్కరు ముఖం ఎర్రబడింది. "సరే. ఇప్పుడు ఆడతా సూడండి. నేను కావల్లంటే మొదలుపెడతా, నేను కావల్లంటే ఆపుతా. తొక్కి సూడండి, ఆనెక చెప్పండి." అని తల విదిలించి, నాలుక బయటపెట్టి, అదే కేక వేశాడు. అదే ఊగడం. తాను నటుడినని రుజువు చేయడానికి మూడు ఊళ్ళ ముందు, ఎర్రటి ఎండలో, మళ్ళీ నటించాడు. జనం ఒక్క పెట్టున మోకాళ్ళ మీద పడ్డారు. ఆడవాళ్ళు బిందె తెచ్చి పసుపు నీళ్ళు కుమ్మరించారు. జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపి, చెప్పులు విడిచి దిగి వచ్చాడు.

లస్కరు టక్కున ఆపాడు. "సూడండి! ఆపినా! నేనే ఆపినా!"

"అమ్మ శాంతించింది" అన్నారు.

పసుపు నీళ్ళు కారుతున్న ముఖంతో ఆయన వంగి, రెండు దోసిళ్ళ మన్ను తీసి బావిలో పోశాడు. మూడో దోసిలికి నలుగురు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. ఎంతో ప్రేమగా పట్టుకున్నారు. అలసిపోయినావు సామీ అన్నారు. భుజాల మీద ఎత్తుకుని రిజర్వాయరు కట్ట దాకా మోసుకుపోయారు. ఆ భుజాల మీద ఆయన కాళ్ళు తన్నుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తోంది.

వాదనలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. ప్రత్యర్థి నన్ను కొడితే, తిడితే, రాళ్ళు వేస్తే ఏం చేయాలో తెలుసు. ఒక మనిషి తన గురించి తాను చెప్పే నిజాన్ని, అతని మీద భక్తితోనే వినడం మానేసిన జనాన్ని ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. మళ్ళీ వెళ్దామని, పోలీసులను తీసుకుని వెళ్దామని మేము తర్జనభర్జన పడుతుండగానే రాదనుకున్న కాలువ రెండు వారాలకు వచ్చింది. ఏడో బావి అలాగే మునిగింది.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యాడు. గేజీ పని కోసం ఆఫీసువాళ్ళు ఏదో యంత్రం పెట్టారు. అది అడుగులు చెబుతుంది, బావి సంగతి చెప్పదు. నీళ్ళు మోకాలికీ నడుముకూ మధ్య ఉన్న ప్రతి ఆదివారం ఆయన పొద్దున్నే వెళ్ళి బావి గట్టు మీద నిలబడేవాడు. మొక్కులవాళ్ళు వస్తే బారెడు దూరంలోనే ఆపి, పళ్ళెం అందుకుని, తానే బావిలో వేసేవాడు. సాయంత్రం దాకా అక్కడే. కాళ్ళు నీళ్ళకు తెల్లగా నానిపోయేవి.

పోయిన నెల వెళ్ళి ఒడ్డు నుంచే తిట్టాను. "చివరికి పూజారివయ్యావు."

"పూజారి పని కాదు సార్ ఇది. గేటు పని" అన్నాడు.

"ఎన్నాళ్ళు నిలబడతావు?"

ఎదురుగా ఒకామె కొబ్బరికాయ పట్టుకుని నీళ్ళలోకి దిగుతోంది. "ఆడే ఆగమ్మా, ఆడే" అని చెయ్యెత్తి అటు తిరిగాడు.

చావుకు వెళ్ళాను. కట్ట మీద సమాధి కడతామని ఊరిపెద్దలు పట్టుబట్టారు. ఆయన భార్య కళ్ళు తుడుచుకుని, "నా మొగుడు లస్కరు. చేన్లో పెట్టండి" అంది. చేనులోనే పెట్టారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం, అంటే నిన్న, పొద్దున బస్సుకే వెళ్ళాను. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. నాకూ ఈత రాదు. టీ కొట్టు మనిషి ఒడ్డున నిలబడి, "ఎడమకు సార్, రోంత ఎడమకు, ఇంగ చాలు" అని దారి చెబుతుంటే పాదంతో తడుముకుంటూ పోయాను. చాలాసేపటికి వేళ్ళకు రాతి గట్టు అంచు తగిలింది. దాని అవతల ఏమీ లేదు. దాన్ని వీపు వెనక ఉంచుకుని, ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

పది గంటలకు ఒకామె పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఒడ్డున ఆమె భర్త ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"ధర్మవరం నుంచి వచ్చినాం సార్. సామి లేడా?"

"చనిపోయాడమ్మా."

"అయ్యో! మీరు ఆయన శిష్యులా?"

నా జీవితంలో నేనెవరికీ శిష్యుణ్ణని చెప్పుకోలేదు. "అవునమ్మా" అన్నాను. "ఆయన చెప్పిన మాటే నేనూ చెబుతున్నా. ఇక్కడ అమ్మవారు లేదు. నా వెనక పది మట్ల బావి ఉంది. వెనక్కి వెళ్ళు తల్లీ."

ఆమె నన్ను, నా వెనకున్న నీళ్ళను చూసింది. ఎర్రటి నీళ్ళు, ఎండ, చిన్న చిన్న అలలు. అక్కడేమీ కనబడదు.

"అమ్మ లేదంటే ఇంగ భయమేంది సార్? ఉందంటే నన్నెందుకు మింగుతాది, ఆమె కోసమే గదా వచ్చింది? జరుగు, మొక్కుండాది."

పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఉంది. ఆమె ఒక అడుగు వేసింది. ఆమె వెనక ఒడ్డున ఇంకో ముగ్గురు చెప్పులు విడుస్తున్నారు.

నేను రెండు చేతులూ బార్లా చాపాను.